ఐదుగురు కూర్చుంటే ఐదుగురి కథ: పాత్రల ఆట నడపడం ఎలా

విజయనగరంలో హరికథ అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. 1919లో పెట్టిన సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాలే ఆదిభట్ల నారాయణదాసు. హరికథలో దాసుగారొక్కరే నిలబడి చెప్తారు, మిగతా అందరూ వింటారు. జముకుల కథలో కథకుడు పాడుతుంటే వంతలు అందుకుంటారు. టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే పాత్రల ఆట ఈ రెండిటికీ భిన్నం. ఇందులో వినడానికి మాత్రమే వచ్చినవాళ్లు ఉండరు. ప్రతి ఒక్కరూ ఒక పాత్ర పట్టుకుని అది ఏం చేస్తుందో, ఏం అంటుందో తామే చెప్తారు. ఏం జరుగుతుందో తేలనిచోట పాచికలు వేస్తారు. ఊరినీ, మిగతా మనుషుల్నీ, వచ్చిపడే ఆపదనీ చెప్పే మనిషి గేమ్ మాస్టర్. 1974లో అమెరికాలో అచ్చయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ తరహా ఆట జనంలోకి వచ్చింది.

కథ బాగా చెప్పడం వస్తే గేమ్ మాస్టర్ పని వచ్చేసినట్టేనని చాలామంది అనుకుంటారు. కథ బాగా చెప్పేవాళ్లే ఈ ఆటను తొందరగా పాడుచేస్తారు, ఎందుకంటే మాట ఇంకొకరికి వదలరు. మీ పని చోటు చేసిపెట్టడం. మాట్లాడనివాళ్లకు, సిగ్గుపడేవాళ్లకు, ఇంట్లో అడిగి వచ్చినవాళ్లకు, తమ యాస మీద ఎవరైనా నవ్వుతారేమోనని నోరు విప్పనివాళ్లకు ఆ చోటు దొరకాలి. కింద చెప్పేదంతా దానికోసమే.

ముందు కూర్చునే చోటు, వేళ

మీరు కాక నలుగురు ఆడితే బాగా కుదురుతుంది. ముగ్గురైనా సరిపోతుంది. ఆరుగురైతే ఒక్కొక్కరికి మాట తిరిగి వచ్చేసరికి పావుగంట పడుతుంది, ఆలోగా ఫోన్లు బయటికొస్తాయి.

ఆదివారం మధ్యాహ్నం 2 గంటలకు మొదలుపెట్టి 5.20కి ముగించండి. రాత్రి ఆట అంటే అమ్మాయిలు సగం మంది రాలేరు. పల్లెల నుంచి వచ్చేవాళ్లకు చివరి బస్సు దొరకదు. "అందరూ రావచ్చు" అని నోటితో చెప్పి రాత్రి 8కి పెడితే ఎవరు రావచ్చో ముందే తేల్చేసినట్టు. మేడమీద గది, హాస్టల్ గది వద్దు. ఇంటి ముందుగది గానీ, గ్రంథాలయంలో అడిగి తీసుకున్న మూల గానీ, కాలేజీ వరండా గానీ చూడండి. మెట్లు లేని చోటైతే ఇంకా మంచిది.

పాచికలు కనబడగానే పెద్దవాళ్లకు జూదం గుర్తొస్తుంది. ఇందులో డబ్బు లేదనీ, గెలుపోటములు లేవనీ ముందే చెప్పండి. మొదటిసారి వచ్చే పిల్ల తల్లిదండ్రులు కావాలంటే పది నిమిషాలు కూర్చుని చూడమనండి. రెండోసారి వాళ్లే పంపిస్తారు.

కావలసినవి: లూడో పెట్టెలోని పాచికలు రెండు, పెన్సిళ్లు ఐదు, తెల్లకాగితాలు ఇరవై, చిన్న చీటీలు పది, ఒక తువ్వాలు. పాచికలు తువ్వాలు మీద వేస్తే చప్పుడు ఉండదు, మంచం కిందకి దొర్లిపోవు. ఫ్యాన్ గాలికి కాగితాలు ఎగిరిపోతాయి కాబట్టి బరువుకు నాలుగు గులకరాళ్లు పెట్టుకోండి. పాచికల బదులు అష్టాచెమ్మా గవ్వలు వాడదామని ఎవరైనా అంటారు. చూడ్డానికి బాగుంటుంది గానీ గవ్వ బోర్లా, వెల్లకిలా సమానంగా పడదు. ఒక్కో గవ్వ ఒక్కోలా పడుతుంది. లెక్క తప్పుతుంది.

ఒక్క నియమం చాలు

మొదటి ఆటకు లావుపాటి పుస్తకాలు అక్కర్లేదు. ఇంగ్లీషు చదవలేనివాళ్లు ఆ పుస్తకం చూసే వెనక్కి పోతారు. ప్రతి పాత్రకూ మూడు గుణాలు ఇవ్వండి: ఒళ్లు, బుర్ర, మాట. ఒకదానికి 2, ఒకదానికి 1, ఒకదానికి 0. దేనికి ఎంతో ఆడేవాళ్లే పంచుకుంటారు. ప్రమాదమున్న పని చేసినప్పుడు రెండు పాచికలు వేసి, ఆ పనికి తగిన గుణం కలపాలి.

మొత్తం 10 గానీ పైన గానీ వస్తే పని అయినట్టు. 7 నుంచి 9 వస్తే పని అవుతుంది కానీ ఏదో ఒకటి పోతుంది, లేదా కొత్త చిక్కు వస్తుంది. 6 గానీ కింద గానీ వస్తే పరిస్థితి ముదురుతుంది, ఎలా ముదిరిందో మీరు చెప్తారు.

రెండు పాచికలు పడే తీరులు 36. గుణం 0 అయితే పూర్తిగా నెగ్గేవి 6, సగం నెగ్గేవి 15, బెడిసేవి 15. గుణం 1 అయితే 10, 16, 10. గుణం 2 అయితే 15, 15, 6. అంటే ఎక్కువసార్లు వచ్చేది నడిమి ఫలితమే. కథను ముందుకు నెట్టేదీ అదే. తలుపు తెరుచుకుంది, కానీ గొళ్లెం చప్పుడుకు కుక్క లేచింది. ఇలాంటివి పది ముందే రాసి పెట్టుకోండి, అప్పటికప్పుడు తట్టవు.

6 వచ్చినప్పుడు "ఏమీ జరగలేదు" అని మాత్రం ఎప్పుడూ అనకండి. ఆట అక్కడ చచ్చిపోతుంది. ఓడిపోయినా సంగతేమీ మారదనిపించే పనికి అసలు పాచిక వేయించకండి. తాళం తీయడానికి రాత్రంతా సమయముంటే తీసేశారనే చెప్పండి.

మొదటి ఇరవై నిమిషాలు: గీత, తెర, చీటీ

ఇది దాటేస్తే తర్వాత చేసేదేదీ నిలబడదు. అందరికీ రెండేసి చీటీలు ఇవ్వండి. ఒకదాని మీద "గీత", ఇంకోదాని మీద "తెర" అని రాయమనండి. గీత కింద రాసింది ఆటలోకి అసలు రాదు. తెర కింద రాసింది కథలో జరగొచ్చు కానీ చూపించం, "తెల్లారింది" అని ముందుకు పోతాం. రాయడానికి ఏమీ లేనివాళ్లు కూడా "ఏమీ లేదు" అని రాసి మడిచి ఇవ్వాలి. అప్పుడే ఎవరు రాశారో బయటపడదు. రాయడం ఇబ్బందైతే ముందురోజు ఫోన్లో మీకు చెప్పొచ్చని చెప్పండి. చీటీలు మీరొక్కరే చదివి, ఎవరిదో చెప్పకుండా జాబితా మాత్రం వినిపించి, చీటీలు చింపేయండి.

ఇక్కడివాళ్ల చీటీల్లో వచ్చేవి ఇక్కడి బతుకులోంచే వస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి కొబ్బరితోటలు కూలుతుంటే ఇంట్లో ఉన్నవాళ్లకు తుఫాను కథ సరదా కాకపోవచ్చు. ఉద్దానం నుంచి వచ్చినవాళ్ల ఇంట్లో కిడ్నీ జబ్బు ఉండొచ్చు. వలస వెళ్లినవాళ్లు, సముద్రం మీద పోయినవాళ్లు, తాగుడు, కట్నం, ప్రేమ పెళ్లి, వీటిలో ఏది ఎవరికి గాయమో మీకు తెలియదు. అందుకే ఊహించకుండా అడగాలి.

చరిత్ర కథలకూ ఇదే జాగ్రత్త. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం పాత్రల ఆటకు పనికొచ్చే కథే అనిపిస్తుంది. కానీ ఒకే టేబుల్ దగ్గర బొబ్బిలివాళ్లూ విజయనగరంవాళ్లూ కూర్చుంటారు, కోటలో ఆడవాళ్లు, పిల్లలు పోయిన తీరు మాటల్లో చెప్పడానికే భారం. ఆడాలంటే యుద్ధం వదిలేసి వారం రోజుల ముందు కోటలో వంటవాళ్ల, గుర్రాల కాపరుల, ఉత్తరాలు మోసేవాళ్ల కథ ఆడండి. 1967లో రాజుకున్న శ్రీకాకుళం గిరిజన రైతాంగ పోరాటం ఇంకా దగ్గరి చరిత్ర, ఆ కుటుంబాల మనుషులు మన మధ్యే ఉన్నారు. మొదటి ఆటకు అది వద్దు.

టేబుల్ మధ్యలో "ఆపు" అని రాసిన అట్టముక్క ఒకటి పెట్టండి, అందరి చెయ్యీ అందేలా. ఎవరు ముట్టుకున్నా ఆ దృశ్యం అక్కడితో ఆగి, ఆ సంగతి కథలోంచి తీసేసి ముందుకు పోతుంది. ఎందుకని ఎవరూ అడగకూడదు. బయటి దేశాల్లో ఈ పద్ధతి వాడుకలో ఉంది. మన దగ్గర ఒక చిక్కుంది: మొహమాటం. పెద్దవాళ్లుంటే, కొత్తవాళ్లుంటే చెయ్యి అట్ట దాకా పోదు. అందుకే మొదటి అరగంటలో మీరే ఒకసారి ముట్టుకోవాలి, చిన్న విషయానికే. "ఈ పాము సంగతి వద్దు, తీసేద్దాం" అని ముట్టుకుని, తీసేసి, ఆట కొనసాగించండి. అది మామూలు పనేనని అందరికీ తెలుస్తుంది. అప్పటికీ ముట్టుకోనివాళ్లుంటారు. ముఖాలు చూస్తూ ఉండండి. నవ్వుతున్న మనిషి నవ్వు ఆపి నీళ్లసీసా తీసుకుంటే, మీరే దృశ్యం మార్చేయండి.

పాత్రలు చేసుకోవడం

ముప్పై నిమిషాలు చాలు. పేరు, పని, మూడు గుణాలు, దగ్గరుండే మూడు వస్తువులు. ఇంటిపేరు వద్దు. ఇంటిపేరు చెబితే కులం తెలిసిపోతుంది, తెలిశాక టేబుల్ మీద మాట తీరు మారిపోతుంది. కావాలంటే ఊరిపేరు తగిలించుకోమనండి. కులం సంగతి కథలో రావాలని అందరూ కోరితే రావచ్చు. కానీ ఆ బాధ తెలిసిన మనిషి వైపు తిరిగి "మీ దగ్గర ఎలా ఉంటుంది?" అని అడగకండి. ఆ మనిషి ఆడుకోవడానికి వచ్చారు, పాఠం చెప్పడానికి కాదు.

తర్వాత ప్రతి ఒక్కరినీ రెండు ప్రశ్నలు అడగండి. నీ ఎడమ పక్క పాత్ర నీకు ఏ సాయం చేసింది? నీ కుడి పక్క పాత్రకు నువ్వు చెప్పకుండా దాచిన మాటేంటి? ఈ రెండు జవాబులు వస్తే సగం కథ చేతికొచ్చినట్టే. ఈ ప్రశ్నలు లేకుండా మొదలుపెడితే నలుగురూ నాలుగు దిక్కులకు పోతారు, ఒకరితో ఒకరికి పని ఉండదు.

వయసు సంగతి చూసుకోండి. మాస్టారో, మావయ్యో ఆడుతుంటే కుర్రవాళ్లు ఆయన మాటకు అడ్డు చెప్పరు. పాత్రల్లో వరస తిప్పేయండి: ఆయన కొత్తగా పనిలో చేరిన కళాసి, ఇంటర్ చదివే అమ్మాయి పడవ సరంగు. ఆట జరుగుతున్నంతసేపూ పాత్రల వరసతోనే పిలవాలని చెప్పండి. "ఏటప్పా, ఇటు రమ్మంటావేటి?" అని మాస్టారు ఆ అమ్మాయిని పిలిచాక బిగువు సడలుతుంది.

యాస గురించి గట్టిగా చెప్పాలి. వెకిలి పాత్రకు శ్రీకాకుళం యాస, తెలివైన పాత్రకు పుస్తకాల తెలుగు పెట్టడం సినిమాలు నేర్పిన అలవాటు. మీ ఆటలో కలెక్టరు, డాక్టరు, ఇంజినీరు మన మాటే మాట్లాడాలి. "ఏటైనాది? తాళం ఎవరి కాడుంది?" అని కలెక్టరు అడగనివ్వండి. కూర్చున్నవాళ్లలో ఒకరైనా తలెత్తి చూస్తారు, ఆ తర్వాత వాళ్ల నోరు విచ్చుకుంటుంది. సవర, జాతాపు గిరిజన పాత్రలకు అర్థంలేని శబ్దాలు చేసి "అడవి భాష" అనిపించకండి. గిడుగు రామమూర్తి ఏళ్ల తరబడి కూర్చుని నేర్చుకున్న, నిఘంటువు రాసిన భాష సవర. ఆ పాత్ర సవరలో మాట్లాడిందని చెప్పి, ఏం చెప్పిందో తెలుగులో చెప్పండి. ఆడపాత్రకు కీచుగొంతు, హిజ్రా పాత్రకు చప్పట్లు, చెవిటి పాత్రకు అపార్థాల హాస్యం కూడా ఈ కోవలోవే.

నత్తి ఉన్నవాళ్లకు, మాట నిదానమైనవాళ్లకు ఒక మాట ముందే చెప్పండి: పాత్రలా మాట్లాడనక్కర్లేదు, "నా పాత్ర ఒప్పుకోదు" అన్నా సరిపోతుంది. రెండూ ఒకే విలువ. చూపు తక్కువున్నవాళ్లుంటే పాచిక పడ్డ ప్రతిసారీ అంకె పైకి చదవండి.

కథను కాదు, పరిస్థితిని సిద్ధం చేసుకోవాలి

ఇంట్లో కూర్చుని మొదలు, నడుమ, ముగింపు రాసుకుని వస్తే ఆడేవాళ్లు మీ ముగింపు వైపు నడవరు. మీరు నెట్టాల్సి వస్తుంది, నెడితే తెలిసిపోతుంది. ఒక చోటు, ఒక చిక్కు, తలో కోరికతో ముగ్గురు మనుషులు, గడుస్తున్న కాలానికి ఒక గుర్తు, మొదటి దృశ్యం. ఒక్క కాగితానికి రెండు వైపులా పట్టాలి.

చీటీల్లో తుఫాను గీత కిందకి రాకపోతే, ఇది వాడుకోండి. కళింగపట్నానికి దగ్గర్లో ఒక మత్స్యకార పల్లె. ఊరికి పేరు ఆడేవాళ్లే పెట్టాలి. వేటకు వెళ్లిన మూడు పడవల్లో ఒకటి తిరిగి రాలేదు. తుఫాను షెల్టర్‌కు తాళం వేసి ఉంది.

సంఘం పెద్ద తాళం దాచాడు. షెల్టర్ నిండా అప్పు చేసి కొన్న వలలున్నాయి, అవి బయట తడిస్తే నాలుగు కుటుంబాలు మునుగుతాయి. ఒడ్డున ఇంట్లో ఉన్న ముసలమ్మ కదలనంటుంది, రాని పడవలో కొడుకున్నాడు, ఆ ఇంటి దీపం చూసుకునే వాడు ఒడ్డు గుర్తుపడతాడు. కొత్తగా వచ్చిన వీఆర్వో రాత్రిలోగా ఊళ్లో తలల లెక్క సరిగ్గా పంపాలి, ఒక్క పేరు తప్పినా తన మీదకే వస్తుందని ఆమె భయం. ముగ్గురిలో చెడ్డవాళ్లు లేరు, అందరి కోరికకూ న్యాయముంది. మనుషుల్ని ఇలా రాసుకుంటే ఆడేవాళ్లు కొట్లాటకు పోకుండా మాట్లాడి తేల్చుకోవడానికి చూస్తారు.

కాలానికి గుర్తుగా ఓడరేవు ప్రమాద హెచ్చరికలు వాడండి, అవి ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. కాగితం మీద 1, 3, 5, 8, 10 అని ఐదు గళ్లు గీయండి. 1వ నంబరుతో మొదలు. అరగంట గడిస్తే గానీ, ఎవరికైనా 6 గానీ తక్కువ గానీ పడితే గానీ ఒక గడి ముందుకు జరపండి. 3 అంటే గాలి మొదలైంది. 5 దగ్గర కరెంటు పోతుంది, 8 దగ్గర రోడ్డు మునుగుతుంది, 10 దగ్గర ఒడ్డునున్న ఇల్లు ఉండదు. అసలు రేవులో నంబరు ఎగరేసేది వాతావరణ శాఖ సూచన మీద, మన ఆటలో అది గడియారం మాత్రమే. కాగితం అందరికీ కనబడేచోట ఉంచండి. గడి జరిగినప్పుడల్లా టేబుల్ దగ్గర ఊపిరి బిగుస్తుంది, మీరు గొంతు పెంచాల్సిన పనే ఉండదు. మొదటి గంటలోనే పాచికలు వరసగా బెడిసి 8కి వచ్చేస్తే, ఆ తర్వాత అరగంటల లెక్క మానేసి పాచికల మీదే జరపండి.

మొదటి దృశ్యం నడుమలోంచి ఎత్తుకోండి. "గాలి తిరిగింది. మూడో పడవ రాలేదు. షెల్టర్ తలుపు ముందు నలభై మంది నిలబడ్డారు. నువ్వెక్కడున్నావు?" అని ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడగండి. ఊరి పుట్టుక, రాజుల కథ రెండు నిమిషాలు మించితే సగం మంది జారిపోతారు.

నడుపుతున్నప్పుడు

పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఎవరిమీద దృశ్యం నడిస్తే వాళ్ల పేరు పక్కన గీత పెట్టండి. 3.50కి టీ ఇచ్చినప్పుడు చూసుకోండి. ఎక్కువున్నవాళ్లలో సగం గీతలు కూడా లేనివాళ్లెవరో వాళ్లతోనే తర్వాతి దృశ్యం మొదలుపెట్టండి. గుర్తుంటుందిలే అనుకోకండి, గొంతు పెద్దదైనవాళ్ల వైపే మన చూపు పోతుంది.

మాట్లాడని మనిషిని "నువ్వేం చేస్తావు?" అని అడిగితే ఇంకా ముడుచుకుంటారు, ప్రశ్న మరీ పెద్దది. చిన్నది చేయండి. "నీ చేతిలో లాంతరుంది. సముద్రం వైపు ఎత్తుతావా, తుప్పల వైపా?" అంటే ఒక్క మాటతో జవాబు వస్తుంది. ఆ జవాబు మీద వెంటనే ఏదో ఒకటి జరగాలి, అప్పుడు తన మాటకు లోకం కదిలిందని తెలుస్తుంది. రెండోసారి జవాబు పొడుగవుతుంది.

చెల్లి బదులు అన్న, భార్య బదులు భర్త జవాబు చెప్పడం మామూలు. గొడవ పడకుండా, "ఆ పాత్ర ఆవిడది, ఆవిడే చెప్తారు" అని ఆవిడ వైపు చూసి ఆగండి. ఐదు లెక్కపెట్టేదాకా ఆ నిశ్శబ్దాన్ని మీరు కూడా పూడ్చకూడదు. ఎక్కువ మాట్లాడేవాళ్లకు పని ఇవ్వండి: ఊరివాళ్ల పేర్లు రాసిపెట్టడం, పటం గీయడం, ఇంకొకరి పాత్రను ప్రశ్నలడగడం. వాళ్ల ఉత్సాహం మంచిదే, దారి కావాలి.

జట్టు రెండుగా చీలితే ఐదారు నిమిషాలకొకసారి అటూఇటూ మారండి, జవాబు రాని ప్రశ్న దగ్గరే ఆపి మారండి. రాని మనిషి పాత్ర ఊళ్లో కాపలాకు ఉందని చెప్పి వదిలేయండి, మీరు ఆడించకండి. వైజాగ్‌లోనో చెన్నైలోనో ఉన్నవాళ్లు ఫోన్లో చేరితే, ఫోన్ ఒక కుర్చీలో నిలబెట్టి, ప్రతి వంతులో వాళ్లనే ముందు అడగండి. సరుకుల్లో ముంత మసాలా పెట్టకండి, నూనె చేతులతో పాత్ర కాగితాలు పాడవుతాయి. జీడిపప్పు, అరటిపళ్లు చాలు. ఎవరేం తింటారో అడగకుండా తెప్పించకండి.

ఎవరినైనా నొప్పించే మాట వచ్చేస్తుంది. మీ నోట రావచ్చు, ఇంకొకరి నోట రావచ్చు. ఆట ఆపండి. "ఆ మాట తప్పు, వెనక్కి తీసుకుంటున్నాం" అని ఒక్క వాక్యం చెప్పి, దృశ్యాన్ని ఆ మాటకు ముందు నుంచి మళ్లీ ఎత్తుకోండి. నొచ్చుకున్న మనిషిని అందరి ముందూ "ఏం పర్వాలేదు కదా?" అని అడిగితే పర్వాలేదనే అంటారు, ఇంకే అంటారు? రాత్రి విడిగా ఫోన్ చేయండి. అన్నవాళ్లతోనూ విడిగా మాట్లాడండి. మళ్లీ అదే చేస్తే వచ్చే ఆటకు పిలవకండి. చుట్టమైనా, పాచికలు తెచ్చింది వాళ్లే అయినా.

ముగించేటప్పుడు

5 గంటలకు, కథ ఎక్కడున్నా ఆపండి. చివరి ఇరవై నిమిషాలూ మాటలకు. మీరే ముందు మొదలుపెట్టి మీరు ఎక్కడ తొందరపడ్డారో చెప్పండి, అప్పుడు మిగతావాళ్లు నిజం చెప్తారు. ఏ దృశ్యం బాగుంది, ఏది వద్దు, వచ్చేసారి ఎవరి కథ చూడాలనుంది, ఈ మూడే అడగండి. గీత, తెర జాబితాలో కొత్తగా ఏమైనా చేర్చాలా అని కూడా అడగండి, ఆడాక గానీ తట్టనివి ఉంటాయి.

అందరూ లేచేలోగా ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి: ఏ పాత్ర ఎక్కడ ఆగింది, హెచ్చరిక ఎన్నో నంబరు దగ్గరుంది, ఆడేవాళ్లు కొత్తగా పుట్టించిన పేర్లు, తేలకుండా మిగిలిన ప్రశ్నలు. వచ్చే ఆట తేదీ అక్కడే, అందరూ ఉండగానే పెట్టుకోండి. ఫోన్లో పెట్టుకుందామని లేస్తే అది నెల దాటిపోతుంది. పాత్ర కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వకండి, ఒక కవర్లో వేసి మీ దగ్గరే ఉంచుకోండి.